మోకు వదులైనా బండ ఆగలేదు

ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలో, సముద్రానికి కొంచెం ఇవతల మా ఊరు ఉంది. మా నాయన ఉన్నన్నాళ్లూ మా దొడ్లో ఒక జత ఒంగోలు ఎద్దులు ఉండేవి. అవి పందెపు ఎద్దులు కావు, సేద్యపు ఎద్దులే. అయినా చుట్టుపక్కల ఏ తిరునాళ్లలో బండలాగుడు పోటీ జరిగినా నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఇరవై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్న నాకు, బలాల పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ పోటీల బరి కళ్ల ముందుకు వస్తుంది. నేను చదువుకున్న పాఠానికీ, ఆ బరిలో నా కళ్లు చూసినదానికీ పొసగలేదు. పొసగలేదన్న సంగతి గ్రహించడానికే నాకు చాలా ఏళ్లు పట్టింది.

నేను చదువుకున్న పాఠం ఇది. ఒక వస్తువు మీద ఎదురెదురుగా పనిచేసే బలాలు సమానంగా ఉంటే అవి సంతులిత బలాలు, అప్పుడు వస్తువు కదలదు. ఒకవైపు బలం ఎక్కువైతే అవి అసంతులిత బలాలు, అప్పుడు వస్తువు ఆ వైపుకు కదులుతుంది. పక్కన తాడులాగుడు ఆట బొమ్మ ఒకటి ఉండేది. ఈ రెండు వాక్యాలనూ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను, ఉపాధ్యాయుడినయ్యాక మొదటి కొన్నేళ్లు నేనూ ఇలాగే చెప్పాను. నిలిచి ఉన్న వస్తువు దగ్గర మొదలుపెడితే ఇవి నిజంలాగే కనిపిస్తాయి. కదులుతున్న వస్తువు దగ్గరికి వచ్చేసరికి రెండూ తప్పిపోతాయి. ఇది పై తరగతుల్లో సర్దుకునే చిన్న లోపం కాదనీ, ఆ పాఠం చెప్పే తీరును మొదటి రోజే మార్చుకోవాలనీ నా వాదన.

బండలాగుడు చూడనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. కాడికి కట్టిన ఎడ్లజత, కాడి నుంచి మోకు, మోకు చివర నేల మీద పెద్ద రాతి బండ ఉంటాయి. ఇచ్చిన సమయంలో బరి ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ వెనక్కి, ఎంత దూరం లాగితే అంత లెక్క. దూరాన్ని అడుగుల్లోనే కాదు, అంగుళాల్లో కూడా కొలుస్తారు. జనమంతా ఎద్దుల వైపు చూస్తుంటే మా నాయన ఒకసారి నా భుజం తట్టి, "ఎద్దుల్ని కాదు, మోకు చూడు నాయనా" అన్నాడు. ఎద్దులు ఆగిన క్షణంలో మోకు వదులై కిందికి జారింది. బండ మాత్రం ఇంకా ముందుకే, బెత్తెడు మేర, మట్టిని గీసుకుంటూ వచ్చి ఆగింది. వదులైన మోకు దేన్నీ లాగలేదు. మరి ఆ బెత్తెడు దూరం బండను ఎవరు తీసుకొచ్చారు?

నా పాత పాఠం దగ్గర ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆ పాఠం ప్రకారం, ముందుకు కదులుతున్న వస్తువు మీద ముందుకు నెట్టే బలం ఎక్కువగా ఉండి తీరాలి. కానీ ఆ క్షణంలో బండ మీద, కదలిక ఉన్న గీత వెంట ఉన్నది ఒకే ఒక్క బలం, నేల వెనక్కి పట్టే ఘర్షణ. బలాలు అసంతులితంగా ఉన్నాయి, ఎక్కువ బలం వెనక్కి ఉంది, బండ మాత్రం ముందుకు కదులుతోంది.

లెక్క వేసి చూద్దాం. బండ ద్రవ్యరాశి 1,000 కిలోలు అనుకుందాం, మోకు నేలకు సమాంతరంగా ఉందనుకుందాం. భూమి దాన్ని 9,800 న్యూటన్ల బలంతో కిందికి లాగుతుంది, నేల అంతే బలంతో పైకి నెడుతుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి బండ నేలలోకి దిగబడదు, పైకి లేవదు. ఇక్కడే జనం చేసే ఒక పొరపాటు గురించి చెప్పాలి. "బండ బరువు ముందు ఎద్దుల బలం చాల్లేదు" అని బరి పక్కన ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఎద్దులు పోరాడేది బండ బరువుతో కాదు, ఆ బరువు వల్ల పుట్టే ఘర్షణతో. బరువు కిందికి ఉంటుంది, దాన్ని మోసేది నేల. ఎద్దులు అడ్డంగా గెలవాల్సింది ఘర్షణను మాత్రమే. అందుకే పైకి ఎత్తలేని బండను అదే జత చివరిదాకా ఈడ్చుకుపోగలుగుతుంది.

ఇప్పుడు ఆ నేల మీద, కదలని బండను పట్టి ఉంచే ఘర్షణ హద్దు బరువులో పదింట ఆరు వంతులనీ, జారుతున్న బండ మీద ఘర్షణ పదింట ఐదు వంతులనీ ఊహిద్దాం. ఎద్దులు 1,000 న్యూటన్లతో లాగితే ఘర్షణ కూడా 1,000 న్యూటన్లే. 3,000 లాగితే అదీ 3,000. ఎంత లాగితే అంత ఎదురు నిలుస్తుంది కాబట్టి బండ కదలదు. ఘర్షణకు ఉన్న ఈ గుణాన్ని మనం తరగతిలో సరిగా చెప్పం. పుస్తకం మీద గీసిన బాణంలాగా అది స్థిరమైన సంఖ్య కాదు, ఎదుటి లాగుడును బట్టి హద్దు వరకూ పెరిగే బలం. ఆ హద్దు ఇక్కడ 5,880 న్యూటన్లు. లాగుడు అది దాటిన క్షణంలో బండ కదులుతుంది, కదిలిన వెంటనే ఘర్షణ 4,900కు తగ్గుతుంది. ఎద్దులు అదే 5,880తో లాగుతూ ఉంటే మిగులు 980 న్యూటన్లు. 1,000 కిలోల బండకు ఆ మిగులు వల్ల వచ్చే త్వరణం, అంటే వేగం పెరిగే రేటు, సెకనుకు సెకనుకు 0.98 మీటర్లు. మొదట్లో బండ తటాలున దూసుకొచ్చినట్టు కనిపించేది ఇందుకే.

ఆ తర్వాత జరిగేదే పాఠంలో లేనిది. జత ఒక నడకకు సర్దుకుంటుంది. బండ సెకనుకు ఒక మీటరు వేగంతో, పెరగకుండా తగ్గకుండా వస్తోందనుకోండి. అప్పుడు మోకులో లాగుడు ఎంత? సరిగ్గా 4,900 న్యూటన్లు, ఘర్షణకు పైసా ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఒక్క న్యూటను ఎక్కువున్నా వేగం పెరుగుతూ పోవాలి, ఒక్కటి తగ్గినా వేగం తగ్గుతూ రావాలి. అంటే జనం ఈలలు వేస్తున్నంతసేపూ, బండ బరిలో నిలకడగా సాగిపోతున్నంతసేపూ, దాని మీది బలాలు సంతులితాలే. తాడులాగుడు బొమ్మ కింద మనం రాసుకున్న వాక్యం ప్రకారం అది ఆగి ఉండాలి.

ఇంకొక మెట్టు ముందుకు వెళదాం. ఎద్దులు అలసి లాగుడు 4,000కు పడిపోయిందనుకోండి. ఇప్పుడు మిగులు 900 న్యూటన్లు, వెనక్కి. బండ వెంటనే ఆగదు, వెనక్కి అసలే పోదు. సెకను కంటే కొంచెం ఎక్కువసేపు, సుమారు అర మీటరు ముందుకే వచ్చి ఆగుతుంది. లాగుడు పూర్తిగా సున్నా అయితే ఆ దూరం పది సెంటీమీటర్లు. నాయన చూపించిన బెత్తెడు అదే. నేను ఈ లెక్క మొదటిసారి వేసుకున్ననాటికి ఆయన లేడు.

బలం నిర్ణయించేది కదలికను కాదు, కదలికలోని మార్పును. సంతులిత బలాల కింద నిలిచిన వస్తువు నిలిచే ఉంటుంది, కదిలే వస్తువు అదే వేగంతో అదే దిశలో కదులుతూనే ఉంటుంది. అసంతులిత బలం కింద వేగం పెరగవచ్చు, తగ్గవచ్చు, దిశ మారవచ్చు. నిలిచి ఉండటం అనేది వేగం సున్నాగా ఉన్న ఒక ప్రత్యేక సందర్భం మాత్రమే. మనం పిల్లలకు ఆ ప్రత్యేక సందర్భాన్నే మొత్తం నియమంగా నూరిపోస్తున్నాం.

ఇది ఎందుకింత కష్టంగా ఎక్కుతుందో కూడా ఆలోచించాను. దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది. కదిలే వస్తువును ఏదో ఒకటి కదిలిస్తూనే ఉండాలని అరిస్టాటిల్ అనుకున్నాడు. దాదాపు రెండువేల ఏళ్లు మేధావులు చాలామంది అదే దారిలో ఆలోచించారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, వాళ్ల చుట్టూ ఉన్నవి బండల్లాంటి వస్తువులే. లాగడం ఆపితే బెత్తెడులో ఆగిపోయే లోకంలో, లాగుడే కదలికకు ఆధారమని అనుకోవడం సహజం. గెలీలియో నున్నని వాలుబల్లల మీద గుండ్లను దొర్లించి, ఘర్షణ తగ్గేకొద్దీ గుండు ఎంతెంత దూరం పోతుందో ఆలోచించి, అసలు ఘర్షణే లేకపోతే అది ఆగదని ఊహించగలిగాడు. 1687లో న్యూటన్ తన ప్రిన్సిపియా గ్రంథంలో దాన్ని మొదటి చలన నియమంగా నిలబెట్టాడు. ఆ నియమానికి ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో విసిరిన వస్తువులు, గ్రహాలు, తోకచుక్కలతో పాటు బొంగరం కూడా ఉంది. మన పిల్లల చేతిలోని వస్తువు అక్కడ ఉండగా మనం తాడులాగుడు బొమ్మ దగ్గరే ఎందుకు ఆగిపోతామో నాకు అర్థం కాదు.

గెలీలియో వాలుబల్ల లేకపోయినా మా ఊరికి బకింగ్‌హామ్ కాలువ ఉంది. పెదగంజాం దగ్గర మొదలై తమిళనాడులోని మరక్కాణం దాకా తీరం వెంట సాగే ఈ కాలువకు 1878లో అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. ఇందులో ఒకప్పుడు సరుకు పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారని మా తాత చెప్పేవాడు. చిన్నప్పుడు నాకు అది నమ్మశక్యంగా అనిపించలేదు. రెండెద్దులకు ఒక బండ అంత కష్టమైతే, నిండా సరుకున్న పడవ మనుషులకు ఎలా సాధ్యం?

దీనికీ లెక్క ఉంది. పడవ, సరుకు కలిపి 5,000 కిలోలు అనుకుందాం, మనిషి లాగుడు 200 న్యూటన్లు. ఆ లాగుడుతో మన బండ కాస్తయినా చలించదు, ఎందుకంటే ఘర్షణ కూడా 200కు పెరిగి ఎదురు నిలుస్తుంది. నిలిచి ఉన్న నీటిలో నిలిచి ఉన్న పడవను అలా పట్టి ఉంచేది ఏదీ లేదు. నీటి నిరోధం పడవ కదిలితేనే పుడుతుంది, వేగంతో పాటు పెరుగుతుంది. కాబట్టి 200 న్యూటన్లకే పడవ కదలడం మొదలవుతుంది, సెకనుకు సెకనుకు 0.04 మీటర్ల చొప్పున, కంటికి ఆనీ ఆననంత నెమ్మదిగా. ఓపికగా లాగుతూ పోతే వేగం పెరుగుతుంది, దాంతో నిరోధమూ పెరుగుతుంది, ఎక్కడో ఒక వేగం దగ్గర నిరోధం కూడా 200 అవుతుంది. అక్కడి నుంచి పడవ అదే నడకన సాగుతుంది. లాగేవాడు తాడు వదిలేస్తే అది ఆగడానికి బెత్తెడు సరిపోదు, చాలా దూరం నీటి మీద జారుతూ పోతుంది. రేవుకు చేరే ముందే లాగడం ఆపేయాలని పడవవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అరిస్టాటిల్ మాట నిజమనిపించేది బండ దగ్గర, గెలీలియో మాట నిజమనిపించేది పడవ దగ్గర. రెండిటికీ నియమం ఒక్కటే. తేడా అంతా ఘర్షణ ఎంత, అది ఎలా పుడుతుంది అన్నదాంట్లో ఉంది. ఒక పిల్లవాడికి బండను మాత్రమే చూపి పడవను చూపకపోతే వాడు అరిస్టాటిల్ దగ్గరే ఉండిపోతాడు. అది వాడి తప్పు కాదు.

ఈ పాఠంలో ఎప్పుడూ వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. దాని మీద నేను కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే చురుకైన పిల్లలు అడిగేది ఇదే. "సార్, చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందంటే, ఎద్దులు బండను ఎంత లాగితే బండ ఎద్దులను అంతే వెనక్కి లాగుతుంది కదా. రెండూ సమానమైతే ఎప్పటికీ సంతులితమే కదా. మరి బండ ఎలా కదులుతుంది?" ఈ ప్రశ్న అడిగినవాడిని కూర్చోబెట్టేయడం మహాపాపం. న్యూటన్ స్వయంగా తన మూడో నియమం కింద ఇచ్చిన ఉదాహరణ దాదాపు ఇదే: తాడు కట్టిన రాయిని గుర్రం లాగితే, గుర్రం కూడా అంతే బలంతో రాయి వైపుకు లాగబడుతుంది. గుర్రం బదులు ఎద్దులను కడితే అది మా తిరునాళ్ల బరే.

జవాబు ఏమిటంటే, రద్దు చేసుకోవాలంటే రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేయాలి. ఎద్దులు బండ మీద వేసే లాగుడు బండ లెక్కలోకి వస్తుంది. బండ ఎద్దుల మీద వేసే లాగుడు ఎద్దుల లెక్కలోకి వస్తుంది. ఒకరి అప్పును ఇంకొకరి ఖాతాలో జమ కట్టకూడదు. బండ ఖాతాలో ముందుకు మోకు లాగుడు, వెనక్కి నేల ఘర్షణ ఉంటాయి. ఎద్దుల ఖాతాలో వెనక్కి మోకు లాగుడు, ముందుకు నేల తోపు. ఎద్దు గిట్టలను నేలలోకి దిగేసి నేలను వెనక్కి నెడుతుంది, నేల ఎద్దును ముందుకు నెడుతుంది. ఎద్దును నడిపించే బలం నేల నుంచే వస్తుందంటే పిల్లలు మొదట నమ్మరు. జారుడు నేల మీద అదే జత ఏమీ చేయలేక నిలబడిపోతుందని చెప్పినప్పుడు నమ్ముతారు. ఇంకో చిన్న సంగతి: కాడి ఎత్తున ఉంటుంది, బండ కింద ఉంటుంది కాబట్టి నిజానికి మోకు ఏటవాలుగా పైకి లాగుతుంది. ఆ ఏటవాలు పదిహేను డిగ్రీలైతే 5,000 న్యూటన్ల లాగుడులో సుమారు 1,300 న్యూటన్లు బండను పైకి ఎత్తడానికి పోతాయి, నేల మీద భారం ఆ మేరకు తగ్గి ఘర్షణా తగ్గుతుంది.

తోటి ఉపాధ్యాయులు కొందరు నాతో వాదిస్తారు. "ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంత అవసరమా? సమానమైతే కదలదు, ఎక్కువైతే కదులుతుంది అని ఇప్పటికి చెబుదాం, పైకి వెళ్లాక వాళ్లే సరిచేసుకుంటారు" అంటారు. వాళ్ల కష్టం నాకు తెలుసు, సిలబస్సు పరుగు నాకూ తెలుసు. కానీ సరిచేసుకోరు. 1992లో అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు బలాల అవగాహనను కొలిచే ప్రశ్నపత్రం ఒకటి ప్రచురించారు. కాలేజీలో భౌతికశాస్త్రం చదివి లెక్కలు చేయగలిగిన విద్యార్థులు కూడా, కదలిక ఉన్నచోట ఆ దిశలో బలం ఎక్కువ ఉండాలన్న పాత నమ్మకాన్ని వదలలేదని దానితో స్పష్టంగా బయటపడింది. అందులోని ఒక ప్రశ్న ఉక్కుతాడు మీద నిలకడైన వేగంతో పైకి వెళ్లే లిఫ్టు గురించి.

ఆ ప్రశ్నను నేను చీమకుర్తికి తెచ్చుకున్నాను. అక్కడి క్వారీల్లో క్రేను పైకెత్తే నల్లరాయి దిమ్మె పది టన్నులదనుకుందాం, దాని బరువు 98,000 న్యూటన్లు. దిమ్మె నిలకడైన వేగంతో పైకి లేస్తున్నప్పుడు క్రేను తాడులో లాగుడు ఎంత అని అడిగితే, తరగతిలో చాలా చేతులు "98,000 కంటే ఎక్కువ" అనే లేస్తాయి. సరైన జవాబు 98,000, అంతే. సెకనుకు సెకనుకు 0.2 మీటర్ల త్వరణంతో కదలడం మొదలుపెట్టినప్పుడు మాత్రం అదనంగా 2,000 న్యూటన్లు కావాలి. పైన ఆగడానికి అదే రేటున నెమ్మదించేటప్పుడు, ఇంకా పైకే పోతున్నా, లాగుడు 96,000కు తగ్గుతుంది. ఇది తెలియకపోవడం మార్కులకు సంబంధించిన విషయం కాదు. తాడు మీద అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడి పడేది దిమ్మె ఎత్తున వేలాడుతున్నప్పుడు కాదు, కుదుపుతో ఎత్తినప్పుడూ, దించుతూ ఒక్కసారిగా ఆపినప్పుడూ. క్వారీలో పనికి వెళ్లే తండ్రులున్న పిల్లలకు ఈ ఒక్క సంగతి స్పష్టంగా తెలిస్తే చాలనిపిస్తుంది నాకు.

దిశ సంగతి చెప్పకుండా పాఠం పూర్తి కాదు. బరి కొసకు చేరాక జత మలుపు తిరుగుతుంది. వేగం ఏమాత్రం మారకుండా తిరిగినా, బండ దిశ మారుతోంది కాబట్టి బలాలు అప్పుడు అసంతులితాలే, మోకు దాన్ని పక్కకు లాగుతూ ఉండాలి. మా తీరానే దక్షిణాన శ్రీహరికోట నుంచి వెళ్లే ఉపగ్రహం వలయ కక్ష్యలో చేసేది ఈ మలుపే. దాని మీద ఎదురు బలం దాదాపు లేదు, భూమి లాగుడు ఒక్కటే దాన్ని పక్కకు లాగుతూ ఉంటుంది, అందుకే అది తిరుగుతూ ఉంటుంది. అక్కడ గురుత్వం ఉండదన్నది ఇంకో పాత పొరపాటు. 400 కిలోమీటర్ల ఎత్తున కూడా అది నేల మీద ఉన్నదాంట్లో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగానే ఉంటుంది.

కొన్నేళ్లుగా నేను ఈ పాఠాన్ని నిర్వచనంతో మొదలుపెట్టడం మానేశాను. నల్లబల్ల మీద బండ, మోకు, కాడి గీసి, నాలుగు సందర్భాలు చెబుతాను: బండ కదలక ముందు, కదిలిన క్షణం, నిలకడ నడక, మోకు వదులైన క్షణం. ప్రతి సందర్భంలోనూ బండ మీద ఉన్న బలాలకు బాణాలు గీయమంటాను. ఒకే ఒక్క షరతు పెడతాను: గీసిన ప్రతి బాణం పక్కన, ఆ బలాన్ని వేస్తున్నది ఏదో దాని పేరు రాయాలి. పేరు రాయలేని బాణం గీయకూడదు.

మొదటి మూడు బొమ్మలూ సాఫీగానే సాగుతాయి. నాలుగో బొమ్మ దగ్గర దాదాపు తరగతి అంతా ముందుకు ఒక బాణం గీస్తుంది. ఈ ఏడు కూడా అంతే జరిగింది. ముందు బెంచీలో ఒక అమ్మాయి, వాళ్లింట్లో పందెపు ఎద్దులున్నాయి, బాణం గీసి దాని పక్కన 'ఎద్దులు' అని రాసింది. మోకు వదులుగా ఉంది కదమ్మా అన్నాను. కొట్టేసి 'మోకు' అని రాసింది, మళ్లీ తనే కొట్టేసింది. 'వేగం' అని రాయబోయి, అది వస్తువు కాదు కదా అనుకుందేమో, పెన్సిలు ఎత్తి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత రబ్బరు తీసి ముందుకు ఉన్న బాణాన్ని పూర్తిగా తుడిచేసింది. బండ మీద మిగిలినవి మూడు: కిందికి 'భూమి', పైకి 'నేల', వెనక్కి 'నేల, ఘర్షణ'. బండ ముందు ఖాళీగా మిగిలిన చోటు వైపు చూసి, "ఇంక దీన్ని ఎవరూ లాగట్లేదు సార్, అది వస్తా ఉంది, అంతే" అంది.